గోడలు కూలిన సంగతి

సంఘకాపరి టెలివిజన్ నాటకాలను గూర్చి వ్రాయడమేమిటని మీలో కొందరు ఈ పుట తిప్పివేయవచ్చును. మేము తప్పు పట్టము. 2020వ సంవత్సరానికి ముందైతే మేమే తిప్పివేసి ఉండేవారము. తిప్పివేసి ఊరకుండక పత్రికవారికి ఒక ఘాటైన ఉత్తరం కూడా వ్రాసి ఉండేవారము.

మాకు టీవీతో తగవు చిన్ననాడే మొదలైంది. దూరదర్శన్‌లో మహాభారతం 1988 అక్టోబరులో ప్రారంభమై 1990 జూను వరకు వచ్చింది. ఆదివారం ఉదయం 9 గంటలకు. మా ఊరి ఆలయంలో సండే స్కూలు గంట కొట్టేదీ అప్పుడే. ఊరి మొత్తానికి రైసుమిల్లువారి వసారాలో ఒకే ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ. హిందీ మాకు ఒక్క ముక్క రాదు. అయినా మిల్లు గుమాస్తాగారు పక్కన కూర్చుని ఎవరు ఎవరో, ఎవరు ఎవరిమీద బాణం వేస్తున్నారో తెలుగులో చెబుతుండేవారు గనుక కథ తెలిసిపోయేది. అభిమన్యుడు పద్మవ్యూహంలో చొరబడిన ఆదివారం నాడు మా నాయనగారు వసారా మెట్ల దగ్గర కనబడ్డారు. ఆయన సంఘపెద్ద. కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికి తీసికొని వెళ్ళి మూడు రోజులు మాతో మాట్లాడలేదు. అభిమన్యుడు బయటపడ్డాడో లేదో ఎవరినైనా అడగడానికి కూడా మాకు ధైర్యం చాలలేదు.

పెద్దయి, వేదాంత డిప్లొమా ముగించి సేవలోకి వచ్చిన తరువాత మేము నాయనగారికంటె రెండాకులు ఎక్కువే చదివాము. 2009లో ఉపవాస కూడికల చివరి రోజున ఇంట్లో ఉన్న టీవీని అమ్మి, ఆ డబ్బు ఆలయపు మైకు సెట్టుకు ఇచ్చాము. సంఘమంతా హల్లెలూయ అన్నది. అప్పటికి ఎనిమిదేళ్ళవాడైన మా పెద్దబ్బాయి, టీవీ తీసివేసిన ఖాళీ బల్ల వైపు చూస్తూ అన్నం తిన్న సంగతి మాకు జ్ఞాపకమున్నది గాని, ఆనాడు దానిని లెక్కలో వేసికొనలేదు. మా ఇల్లాలు ఏమీ అనలేదు. అయితే సాయంత్రం కరివేపాకు కోసం పక్కింటికి వెళ్ళితే అరగంటకు గాని తిరిగి వచ్చేది కాదు. కరివేపాకు చెట్టు ఒక సీరియలంత దూరంలో ఉంటుందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అబ్బాయి అప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగు రెండవ సంవత్సరం. బస్సులు ఆగిపోకముందే ఎట్లాగో ఇల్లు చేరాడు. ఆలయ ద్వారాలు మూసి ఉన్నవి. సేవలోకి వచ్చిన తరువాత మొదటిసారిగా మేము ఆదివారాలు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాము. అబ్బాయి గది తలుపు వేసికొని ల్యాప్‌టాప్ ముందు ఉండేవాడు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు. అడిగినదానికి "ఊఁ" అనో "లేదు" అనో అనేవాడు. మా నాయనగారి మూడు రోజుల మౌనం వాడి దగ్గర మూడేళ్ళుగా సాగుతున్నది. మేము గమనించలేదు.

ఒక రాత్రి ఆ గదిలోనుండి కేకలు వినబడి, చీవాట్లు పెట్టాలనే ఉద్దేశంతోనే తలుపు తోశాము. తెరమీద బట్టతల నాయకుడొకాయన నిలుచున్నాడు. పల్లెటూరి మనిషొకడు ఆయనను దేవుడనుకొని వేడుకొంటున్నాడు. "ఏమిట్రా ఇది?" అన్నాము. "స్టార్ ట్రెక్, నాన్నా" అని అబ్బాయి ఆపివేయబోయాడు. ఎందుకో మా నోట "ఉండనియ్యి" అని వచ్చింది. మంచం చివర కూర్చున్నాము.

స్టార్ ట్రెక్ అంటే 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ప్రారంభమైన ధారావాహిక. రాబోయే శతాబ్దాలలో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్షనౌక మీద నానాజాతులవారు కలిసి పనిచేస్తూ, నక్షత్రాల మధ్య తెలియని లోకాలను చూచి వస్తుంటారు. మూడు సీజన్లలో 79 భాగాలు వచ్చి 1969లో ఆగిపోయింది. తరువాత 1987 నుండి 1994 వరకు 'ద నెక్స్ట్ జనరేషన్' అనే పేరుతో కొత్త నౌక, కొత్త నాయకుడు వచ్చారు. మేము చూచిన బట్టతల ఆయన ఆ కొత్త నాయకుడు కెప్టెన్ పికార్డ్. ఆ పాత్ర ధరించినది పాట్రిక్ స్టూవర్ట్ అనే ఇంగ్లాండు నటుడు.

ఆ రాత్రి భాగం 1989లో వచ్చినది. విల్లంబులు తప్ప మరే యంత్రమూ ఎరుగని ప్రజల మధ్య ఒకడికి ప్రమాదం జరిగితే, నౌకలోని డాక్టరు రహస్యంగా బాగుచేస్తుంది. స్పృహ తెలిసీ తెలియక పికార్డ్ పేరు విన్న ఆ మనిషి, ఆయనే దేవుడని ఊరంతా చాటుతాడు. వాడి భార్య వరదలో చనిపోయింది. ఆమెను తిరిగి ఇమ్మని అడుగుతాడు. నేను మనిషినే అని పికార్డ్ ఎంత చెప్పినా వినడు, చివరకు ఆయన మీదనే బాణం వేస్తాడు. పికార్డ్ ఒంటినుండి రక్తం కారడం చూచిన తరువాత గాని జనం నమ్మరు.

మేము ఒక్కసారిగా లేచి నిలుచుని, "ఒరేయ్, ఇది అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం గదరా! లుస్త్రలో పౌలు బర్నబాలను దేవతలనుకొని ఎద్దులను తెచ్చారు. వాళ్ళేమో బట్టలు చింపుకొని మేమూ మనుష్యులమే అని మొత్తుకొన్నారు. కడకు ఆ పౌలునే రాళ్ళతో కొట్టారు" అన్నాము. అబ్బాయి మా వైపు తిరిగాడు. "నిజమా నాన్నా? ఎక్కడ, చూపించు" అన్నాడు. వాడు మమ్మును వాక్యం గురించి అడిగి ఎన్నేళ్ళయిందో! బైబిలు తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెట్టి చదివించాము.

అయితే ఆ భాగంతో మాకు పెద్ద పేచీ కూడా ఉన్నది. దైవభక్తి అంతా అజ్ఞానకాలపు చీకటి అని పికార్డ్ అందులో తేల్చివేస్తాడు. ఈ ధారావాహికను సృష్టించిన జీన్ రాడెన్‌బెరీ బాప్టిస్టు కుటుంబంలో పెరిగి, తరువాత విశ్వాసం విడిచిన మనిషి. ఆ పోకడ అక్కడక్కడ కనబడుతుంది. "రక్తం కారితే దేవుడు కాడని వీళ్ళు అనుకొంటున్నారు. మనం ఆరాధించేది రక్తం కార్చినవానినే గదా, దానికేమంటారు?" అన్నాము. అబ్బాయి కాసేపు ఆలోచించి, "ఈ పాయింటు బాగుంది నాన్నా" అన్నాడు. ఇరవై యేళ్ళ ప్రసంగాలకు ఎవరిచ్చిన మెప్పూ మాకు అంత ఆనందం కలిగించలేదంటే అతిశయోక్తి కాదు.

మరునాటినుండి రాత్రి 8 గంటలకు కుటుంబ ప్రార్థన, 8:30కి ఒక భాగం. మా ఇంగ్లీషు అంతంత మాత్రం గనుక అబ్బాయి మాటిమాటికీ ఆపి చెప్పేవాడు, అలనాటి మిల్లు గుమాస్తాగారివలె. మూడవ రోజుకు మా ఇల్లాలు కూడా చేరింది. కరివేపాకు అవసరం తగ్గింది.

పాత స్టార్ ట్రెక్‌లో ఉహురా అనే నల్లజాతి స్త్రీ ఉంటుంది. ఇతర నౌకల నుండీ లోకాల నుండీ వచ్చే మాటలను వినడం, సందేశాలు పంపడం ఆమె ఉద్యోగం. ఆ పాత్రధారిణి నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ చివర మానివేద్దామనుకొన్నది. నాటకరంగానికి వెళ్ళాలని కోరిక. ఆ రోజులలోనే ఒక సభలో డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ఆమెను కలిశారు. తానూ ఆమె అభిమానినేననీ, తాము తమ పిల్లలను మేలుకొని చూడనిచ్చే కార్యక్రమం అదేననీ చెప్పి, మానవద్దని గట్టిగా కోరారట. ఇంటి పనిమనిషిగా గాక, తెలివీ పదవీ గల స్త్రీగా ఒక నల్లజాతి మనిషిని అందరి ఇళ్ళలోని తెరమీద చూపడం ఎంత పెద్ద సంగతో ఆయన వివరించారు. నికోల్స్ 2022లో కన్నుమూసేవరకు ఈ సంగతి ఎన్నోసార్లు సాక్ష్యంవలె చెప్పుకొన్నది. ఆమె నిలిచిపోయింది. 1977 నుండి నాసావారి కోసం, స్త్రీలనూ నల్లజాతివారినీ వ్యోమగాములుగా దరఖాస్తు చేయమని ఊరూరా తిరిగి చెప్పింది. 1992లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి నల్లజాతి స్త్రీ మే జెమిసన్, చిన్ననాడు ఉహురాను చూచి ఉత్సాహం పొందానని చెప్పారు.

డాక్టర్ కింగ్ బాప్టిస్టు సంఘకాపరి. ఆయన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూశాడు. మేము పిల్లవాని ఎదుటనుండి టీవీ అమ్మివేశాము. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూచుకొన్న రాత్రి మాకు త్వరగా నిద్ర పట్టలేదు.

ఉహురా వినికిడి గురించి ఇంకొక భాగం చెప్పాలి. 1968 మార్చి 15న వచ్చింది. రోమా సామ్రాజ్యం కూలిపోకుండా ఇరవయ్యవ శతాబ్దం దాకా సాగితే ఎట్లా ఉంటుందో, అటువంటి లోకం ఒకటి. అక్కడ కత్తియుద్ధాలలో మనుషులు చావడాన్ని టీవీలో ప్రసారం చేస్తారు. కొందరు బానిసలు మాత్రం చంపము అంటారు. వాళ్ళు సూర్యుని పూజించేవారని నౌకలోని పెద్దలు అనుకొంటారు. ఇంగ్లీషులో సూర్యుణ్ణి సన్ అంటారు, కుమారుణ్ణీ సన్ అనే అంటారు. వ్రాతలో ఒక అక్షరం తేడా, చెవికి రెండూ ఒకటే. చివరకు వాళ్ళ రేడియో ప్రసారాలు వింటూ కూర్చున్న ఉహురా చెబుతుంది: వాళ్ళు అంటున్నది ఆకాశంలోని సూర్యుణ్ణి గాదు, దేవుని కుమారుణ్ణి అని. విశ్వాసం లేని మనిషి సృష్టించిన నాటకంలో ఈ మాట ఎట్లా దూరిందో మరి! ఆ భాగం వచ్చి మూడు వారాలు నిండకముందే, ఏప్రిల్ 4న, డాక్టర్ కింగ్‌ను కాల్చి చంపారు.

ఇక అసలు చెప్పదలచిన భాగం. దాని పేరు 'డార్మాక్'. పికార్డ్ ధారావాహికలోనిది, 1991 సెప్టెంబరులో వచ్చింది. మేము నాలుగుసార్లు చూశాము, ఇంకా చూస్తాము.

టమారియన్లు అనే జాతివారుంటారు. నౌకలో ఏ భాషనైనా మార్చి వినిపించే యంత్రం ఉన్నది. వాళ్ళ మాటలను కూడా మారుస్తుంది. ఒక్కొక్క మాటా స్పష్టంగా వినబడుతుంది, భావం మాత్రం అందదు. ఫలానావాడు, ఫలానా చోట, ఫలానావానితో - ఇట్లాగే వాళ్ళ మాటలన్నీ. కారణమేమిటంటే వాళ్ళు దేనినైనా తమ పాత కథలలోని సంఘటనలతోనే చెబుతారు. కథ తెలియనివానికి మాట తెలియదు. వాళ్ళ నాయకుడు డేథన్ ఒక సాహసం చేస్తాడు. పికార్డ్‌ను ఒక నిర్జన గ్రహం మీదికి రప్పించి, తానూ అక్కడికి దిగి, ఆయన చేతికి ఒక కత్తి ఇస్తాడు. పికార్డ్ అది పోట్లాటకు పిలుపనుకొంటాడు. నిజానికి అక్కడ ఒక క్రూరమృగం ఉన్నది. డార్మాక్, జలాద్ అనే ఇద్దరు అపరిచితులు ఒక దీవిలో కలిసి ఒకే మృగంతో పోరాడి స్నేహితులైనట్లు టమారియన్లకు ఒక కథ ఉన్నది. ఆ కథను తామిద్దరూ జీవించాలని డేథన్ కోరిక. మృగం చేతిలో గాయపడి, నిప్పు దగ్గర పడుకొని ప్రాణం విడిచే ముందు, నీ కథ ఒకటి చెప్పమని సైగ చేస్తాడు. పికార్డ్ గిల్గమేషు, అతని స్నేహితుడు ఎన్‌కిడుల కథ చెబుతాడు. మేము బైబిలు కళాశాలలో జలప్రళయపు పాఠంలో గిల్గమేషు పేరు వల్లెవేసి పరీక్ష వ్రాశాము గాని, అందులో స్నేహితుని చావుకు ఏడ్చే మనిషి ఉన్నాడని ఆ రాత్రే మనసుకు తట్టింది. డేథన్ పాత్ర ధరించినది పాల్ విన్‌ఫీల్డ్ అనే నటుడు. 1978లో వచ్చిన వేరొక టీవీ నాటకంలో డాక్టర్ కింగ్‌గా నటించినది కూడా ఆయనే. మృగపు ముఖంవంటి ముసుగు వెనుకనుండి, మనకు తెలియని భాషలో, ఆయన మమ్మును ఏడిపించాడు.

"ఇట్లాంటి భాష ఎక్కడైనా ఉంటుందా నాన్నా?" అన్నాడు అబ్బాయి. మేము నవ్వాము. కుంభకర్ణుడి నిద్ర, భగీరథ ప్రయత్నం, సీత కష్టాలు, శల్యసారథ్యం - మన ఊళ్ళో రచ్చబండ మీద రోజూ మాట్లాడే భాష అదే గదా. సంఘంలోకి వస్తే యోబు ఓర్పు, యూదా ముద్దు, తోమా అనుమానం. కొత్తగా వచ్చినవానికి వీటిలో ఏది అర్థమవుతుంది? మేము సేవ ప్రారంభించిన కొండకింది పల్లెలో ఒకసారి, పేతురువలె నీళ్ళమీద అడుగు వేయండి అని గంట సేపు ఆవేశంగా ప్రసంగించాము. చివర ఒక ముసలమ్మ, "పేతురంటే ఎవరయ్యా, మన చెరువుకట్ట తెగిన ఏడు కొట్టుకుపోయినోడా?" అని అడిగింది. ఆ పల్లెలో పెళ్ళిళ్ళు, పురుళ్ళు, అప్పులు అన్నీ ఆ కట్ట తెగిన ఏటికి ముందనో వెనకనో చెప్పుకొనేవారు. మేము ఆ కథ ఏమిటని అడగలేదు. ఆమెకు జ్ఞానం చాలదనుకొని వచ్చేశాము. ఇప్పుడు ఆమె లేదు.

టమారియన్ల మాటలలో ఒకటి మా ఇంట్లో నిలిచిపోయింది. పని చెడిపోయినప్పుడు, ఓడిపోయినప్పుడు వాళ్ళు షాకా అనేవాని గోడలు కూలిన సంగతి ఎత్తుతారు. అది వినగానే మాకు తోచింది: మన సండే స్కూలు పిల్లవానితో గోడలు కూలాయి అంటే చప్పట్లు కొడతాడు. వాడికి యెరికో గుర్తుకు వస్తుంది, బూరలు, కేకలు, జయం! టమారియన్ పిల్లవాడైతే ఏడుపు ముఖం పెడతాడు. గోడలు అవే, కూలడమూ అదే. అబ్బాయికి ఇది ఎంత నచ్చిందంటే, అన్నం మాడిన రోజున "అమ్మా, ఇది యెరికో కాదు, షాకా" అని తల్లిని ఆటపట్టించాడు.

మాకు నచ్చనివి లేకపోలేదు. ఆ నౌకలో టీ కావాలంటే గోడను అడిగితే వస్తుంది. వాన కోసం ఎదురుచూచేవాడు, గింజ కోసం అప్పు చేసేవాడు ఆ కథలలో అరుదు. అందుకే 1990లో వచ్చిన ఒక భాగం మా ఇల్లాలికి అన్నిటికంటె ఇష్టం. పికార్డ్ సెలవు మీద ఫ్రాన్సులోని సొంత ఊరికి వెళ్తాడు. అక్కడ ద్రాక్షతోట చూచుకొంటున్న అన్నకూ ఆయనకూ పాత కచ్చలున్నవి. ఇద్దరూ బురదలో పడి కొట్టుకొని, నవ్వి, చివరకు ఆ పెద్ద కెప్టెను అన్న ఎదుట వెక్కి వెక్కి ఏడుస్తాడు. "మన పాలేళ్ళ తగవులాగే ఉంది" అన్నది మా ఇల్లాలు. మన డైలీ సీరియళ్ళలో ఒక చెంపదెబ్బను మూడువైపులనుండి మూడుసార్లు చూపి రేపటికి వాయిదా వేస్తారు. ఇక్కడ ముక్కాలు గంటలో ఇద్దరన్నదమ్ముల జీవితం చెప్పివేశారు. ఈ మాట ఆమె అన్నదే, మేము ఒప్పుకొన్నాము.

జూను నెలలో ఆలయాలు తెరువవచ్చునని ఉత్తర్వులు వచ్చిన వారంలో, 'డీప్ స్పేస్ నైన్' అనే మరొక స్టార్ ట్రెక్‌లోనిది ఒకటి చూశాము. 1995లో వచ్చినది. ప్రమాదంలో తండ్రి కాలంలో తప్పిపోతాడు. ఏళ్ళకొకసారి కొన్ని నిమిషాలు కనబడి మాయమవుతుంటాడు. కొడుకు తన వ్రాతా సంసారమూ వదలుకొని ముసలివాడయ్యేదాకా తండ్రిని వెనక్కి తేవడానికే ప్రయాసపడతాడు. తండ్రి మాత్రం కనబడినప్పుడల్లా, నా కోసం నీ బ్రతుకు పాడుచేసికొనవద్దు అని వేడుకొంటాడు. అది ముగిసిన తరువాత అబ్బాయి ల్యాప్‌టాప్ మూసి చాలా సేపు మూతమీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. తరువాత చెప్పాడు. మూడు సబ్జెక్టులు పోయాయనీ, ఏడాదిగా దాస్తున్నాననీ, ఫీజు కట్టడానికి మేము పంపిన డబ్బు సప్లిమెంటరీలకు వాడాననీ.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాము.

"చెప్తే ప్రసంగంలో వస్తుందని భయం నాన్నా" అన్నాడు.

అది నిజమే. వాడు పదవ తరగతిలో చేసిన ఒక తప్పును పేరు చెప్పకుండా ప్రసంగంలో ఉదాహరణగా వాడుకొన్నాము. పేరు చెప్పకపోయినా సంఘమంతా వాడివైపే చూసింది. ఆ రాత్రి వాడిని క్షమాపణ అడిగాము. మూడు సబ్జెక్టులు మరుసటి ఏడు పాసయ్యాడు. ఈ వ్యాసంలో ఈ సంగతి వ్రాయవచ్చునా అని ముందుగా అడిగి, వాడు చదివి సరేనన్న తరువాతనే పత్రికకు పంపుతున్నాము.

2023లో వాడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తుండగా ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. మేము ఒక ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనలో ఉన్నాము. ఎన్నడూ ఆ వేళకు చేయడు గనుక బయటికి వచ్చి ఎత్తాము.

"నాన్నా, గోడలు కూలాయి" అన్నాడు.

గొంతులో తేడా పట్టుకోలేకపోయాము. "యెరికోనా, షాకానా?" అని అడిగాము.

కాసేపు మాట లేదు. తరువాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "షాకా, నాన్నా. ఈ రోజు నుంచే రావద్దన్నారు. మా టీములో ఆరుగురిని."

"సరే. రాత్రి బస్సుకు టిక్కెట్టు తీసుకో. పొద్దున అడ్డరోడ్డు దగ్గర నేనుంటాను" అన్నాము.

లోపలికి వెళ్ళి ప్రార్థన ముగించాము. ఇంటికి వచ్చి చెబితే మా ఇల్లాలు ఒక్క మాటే అడిగింది, ఆ అన్నదమ్ముల బురద భాగం వాడి ల్యాప్‌టాప్‌లో ఇంకా ఉన్నదో లేదో అని.